పెళ్ళికూతురు పూలకు వెళ్ళింది

వసంతంతో మొదలయ్యే కొత్త సంవత్సరం పదమూడో రోజున గడప దాటకుండా ఇంట్లో కూర్చున్నవాళ్ళకి ఏడాదంతా దరిద్రం తప్పదని మా నమ్మకం. అందుకే యజ్ద్ ఊరు ఊరంతా తలుపులకు తాళాలు వేసుకుని ఈ పార్కులోకి వచ్చి పడింది, దరిద్రమేమో ఖాళీ ఇళ్ళలో కాళ్ళు చాపుకుని హాయిగా పడుకుని ఉంటుంది, సాయంత్రం మేం వెళ్ళి లేపేదాకా. నేనూ వచ్చాను. మా అక్క తూబా పరిచిన జంపఖానా మీద, పోయినేడు కూర్చున్న పైన్ చెట్టు కిందే, పోయినేడు వీపు ఆనించిన చోటే ఆనించి కూర్చున్నాను. దూరంగా షీర్‌కూహ్ కొండ నెత్తిన కాస్త మంచు మిగిలి ఉంది, ఎడారి వైపు నుంచి గాలి వచ్చినప్పుడల్లా టీ గ్లాసులో ఇసుక పడకుండా అరచెయ్యి మూత పెట్టాలి, పెట్టాను, ఆవిరికి చెయ్యి చెమర్చింది, అయినా తియ్యలేదు, ఎందుకంటే చెయ్యి ఖాళీగా ఉంటే ఒంటి మీది చాదర్ అంచును నలుపుతుంది, అలా నలపడం అక్క కంట పడితే చాలు, పట్టేస్తుంది. అరవైకి దగ్గర పడుతున్నదాన్ని, ఉద్యోగం చేసినన్నాళ్ళూ క్లినిక్‌లో జనానికి సూదులు గుచ్చినదాన్ని, నా చెయ్యి నా మాట వినాలి కదా. వినదు. రెండు చెట్ల అవతల జలీల్ బావతో పాచికలాడుతున్నాడు నస్రుల్లా గారు, పలక మీద బిళ్ళలు టకటకమంటున్నాయి, ఆయన ఇటు చూడటం లేదు, నేనూ అటు చూడటం లేదు. చూడకుండానే ఆయన బూడిదరంగు స్వెట్టర్ మోచేతి దగ్గర చిరిగిందని నాకు తెలుసు.

పొద్దున కారులోంచి గిన్నెలు దించుతూ దించుతూ అక్క ఆ మాట నా నెత్తిన వేసింది. "విన్నావుటే, నస్రుల్లా ఇల్లు ఖాళీ చేస్తున్నాడు. శుక్రవారం రైలుకి బందర్ అబ్బాస్ పోతున్నాడు. తమ్ముడు రమ్మన్నాడట, సముద్రం పక్కన గది చూశాడట, ఇక అక్కడేనట." మంచిదేగా, అన్నాను. "ఏం మంచిదీ? పోయినేడు ఆయన నోరు తెరిచి అడిగాడా లేదా? నువ్వు వద్దన్నావా లేదా?" మర్యాదకు అన్నానక్కా, ఎవరైనా మొదటిసారికే ఔనంటారా, అన్నాను. అక్క గిన్నె కింద పెట్టి నడుం మీద చేతులు పెట్టుకుంది. "మొహమాటానికి పోతే కడుపొచ్చిందంటారు. నీకు అదీ రాలేదు." అక్క కూతురు మహ్‌రోఖ్ లెట్యూస్ ఆకులు కడుగుతున్నది కాస్తా బేసిన్‌లోకి వంగి నవ్వింది, నీళ్ళు చిందాయి, ఓసి నీ దుంప తెగ, అని నేనూ నవ్వాను, నవ్వుతూనే శుక్రవారం ఎంత దూరమో లెక్క వేసుకున్నాను. ఇవాళ తప్పితే మళ్ళీ ఆయన్ని చూసే వంక కూడా లేదు. అడిగితే ఇవాళే అడగాలి. ఒకసారి కాదన్నదాన్ని ఎందుకడుగుతాడు, ఏ మగాడైనా గోడకి తల ఒకసారే కొట్టుకుంటాడు, ఆ గోడ పోయినేడాది నుంచీ ఎప్పుడెప్పుడు మళ్ళీ కొట్టుకుంటాడా అని ఎదురుచూస్తోందని ఆయనకేం తెలుసు.

పోయినేడు ఇదే వేళ. అందరూ పండక్కి పళ్ళేలలో మొలకెత్తించిన గోధుమ పైరును పార్కు దిగువన కాలువలో వదలడానికి వెళ్ళారు, నేను టీ మరిగే సమోవర్‌కి కాపలా అని ఉండిపోయాను, ఆయన కాళ్ళ నొప్పి అని ఉండిపోయాడు. మహ్‌రోఖ్ పారేసిన లెట్యూస్ కాడ ఒకటి మా ఇద్దరి మధ్యా పడి ఉంది, దాని మీద చీమలు పాకుతున్నాయి, ఎందుకో ఆ చీమలు నాకు బాగా గుర్తు. ఆయన చీమలనే చూస్తూ అన్నాడు: "ఎష్రత్ ఖానుం, నాకింక టీ ఒక్కడినే తాగాలని లేదండీ. మీకు అభ్యంతరం లేకపోతే మనిద్దరం ఒక ఇంట్లో ఉందాం." లోపల నేను అప్పుడే ఔననేశాను. నోరు మాత్రం, చిన్నప్పటి నుంచీ తర్ఫీదు పొందిన నోరు, దాని పని అది చేసుకుపోయింది: "అయ్యో, నేనెక్కడ, మీరెక్కడ, మీకు శ్రమ, ఈ వయసులో నాకెందుకండీ." ఇక ఆయన రెండోసారి అడగాలి. రెండోసారి నేను తల వంచుకుని ఊరుకోవాలి. మూడోసారి అడిగితే, పెద్దవాళ్ళు ఏమంటారో, అనాలి, అంటే ఔనని అర్థం. అంతా సిద్ధంగా ఉంది నా దగ్గర, రెండో మౌనమూ, మూడో మాటా. ఆయన "సరేనండీ, మీరు చెప్పారు కదా" అని లేచి, బూట్లు తొడుక్కుని, లేసులు కూడా తీరిగ్గా కట్టుకుని వెళ్ళిపోయాడు. కోపం లేదు, అలక లేదు. వద్దన్నాను, విన్నాడు, అంతే.

రైల్వేలో సిగ్నళ్ళ దగ్గర పని ఆయనది, బతుకంతా ఎడారి మధ్య చిన్న చిన్న స్టేషన్లలో గడిచింది. అక్కడ మర్యాదలు ఎవరితో చేస్తాడు, తేళ్ళతోనా? ఎర్ర దీపమంటే ఆగు, పచ్చ దీపమంటే పో. ముందు రెండుసార్లు ఎర్రదీపం చూపించి ఆ తర్వాత పచ్చదీపం చూపిస్తాంలే అనుకుంటే రైళ్ళు గుద్దుకు చస్తాయి. మా ఊళ్ళో అలా కాదు. టాక్సీవాడు డబ్బులు వద్దమ్మా మీరు మా ఇంటివాళ్ళు అంటాడు, బట్టల కొట్టతను మీకంటే ఎక్కువా ఊరికే పట్టుకెళ్ళండి అంటాడు, మనం మూడుసార్లు బతిమాలి డబ్బులివ్వాలి, వాడు అయ్యో అయ్యో అంటూ పూర్తిగా తీసుకోవాలి. ఈయన రిటైరై ఊళ్ళోకి వచ్చిన కొత్తలో రొట్టెలవాడు "మీకు డబ్బులేంటి సార్, కొట్టు మీదే" అంటే "అలాగా, చాలా సంతోషం" అని రొట్టెలు చంకలో పెట్టుకుని వచ్చేశాడట, పిండి చేతులతో రొట్టెలవాడు వీధి మలుపు దాకా వెంటపడ్డాడట. జలీల్ బావ ఈ కథ చెప్పినప్పుడల్లా ఊరంతా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. మొదటిసారి విన్న రాత్రి పక్క మీద పడుకున్నాక మాత్రం ఏం తప్పు చేశాడు పాపం అనిపించింది, కొట్టు మీదే అన్నవాడిదా తప్పు, నిజమనుకున్నవాడిదా.

అదిగో మహ్‌రోఖ్ గడ్డిలో బోర్లా పడుకుని పచ్చిగడ్డి పోచలు రెండేసి తీసి ముడులు వేస్తోంది, వచ్చే పదమూడో రోజుకి మొగుడింట్లో ఉండాలని కోరుకుంటూ వెయ్యాలి, ముడి ఊడినప్పుడు కోరిక తీరుతుందట, నోటితో మాత్రం నాకు పెళ్ళొద్దు బాబోయ్ అంటుంది, ఎంత వద్దంటే అంత గట్టిగా బిగిస్తోంది ముడి. నేనూ వేశాను దాని వయసులో, ఈ పార్కు లేదప్పుడు, ఊరి బయట దానిమ్మ తోటలో వేశాను, ఆ ఏడాదే హబీబ్‌తో పెళ్ళయింది. తల మీద నలుగురు ఆడవాళ్ళు తెల్లగుడ్డ పట్టుకుంటే పైన చక్కెర దిమ్మలు రుద్దుతున్నారు, పొడి నా కనురెప్పల మీద పడుతోంది, ముల్లా అడిగాడు, అమ్మాయీ, ఫలానా హబీబ్‌తో పెళ్ళికి సమ్మతమేనా. నేను నోరు విప్పకూడదు. వెనకనుంచి అక్క అరిచింది: "పెళ్ళికూతురు పూలకు వెళ్ళింది!" అందరూ నవ్వారు. మళ్ళీ అడిగాడు. "పెళ్ళికూతురు పన్నీరు తేవడానికి వెళ్ళింది!" మౌనం అర్ధాంగీకారమంటారు, ఆ లెక్కన రెండు మౌనాలకి పని పూర్తవ్వాలి, కాలేదు, మూడోసారి కూడా అడిగాడు, అప్పుడు చక్కెర నిండిన నోటితో పెద్దల అనుమతితో ఔను అన్నాను. నాకేమో మొదటిసారి అడిగినప్పుడే తెలుసు. పెళ్ళికూతురు ఎక్కడికీ వెళ్ళలేదు, అక్కడే కూర్చుని ఉంది, మోకాళ్ళు తిమ్మిరెక్కి, ఆకలేసి. ఎక్కడికీ వెళ్ళనిదాన్ని వెళ్ళిందని అందరూ అరిచి చెప్పేసరికి, నిజంగానే కాసేపు ఎక్కడికో వెళ్ళిపోయినట్టు అనిపించిందప్పుడు.

హబీబ్ మంచివాడు. చెడ్డమాట ఒకటి అనలేదు, నేనూ అనలేదు, ఒకరికొకరం అతిథుల్లా బతికాం. ముందు మీరు తినండి అంటే ముందు నువ్వు తిను, చివరి ముక్క పళ్ళెంలో ఎండిపోయేది. పిల్లలు లేకపోయారు, ఆ బాధ కూడా ఒకరి దగ్గర ఒకరం మర్యాదగా దాచుకున్నాం. ఆ రోజు గోడకి చేరగిలబడి కూర్చున్నాడు, నుదుటి మీద చెమట, రంగు తేడాగా ఉంది, ఇలాంటి మొహాలు చూడటమే నా ఉద్యోగం, ఛాతీలో నొప్పా అన్నాను. "ఏం లేదు, నువ్వు కూర్చో." నొప్పా చెప్పండి. "అబ్బే, నీకెందుకు కంగారు." మూడోసారి భుజాలు పట్టుకుని ఊపి అడిగాను, ఇక నిజం చెప్పాలి కదా, మూడోసారి ఎవరైనా నిజం చెప్పాలి, అదేగా మనం అనుకున్నది, దాని మీదేగా ఈ ఊరంతా నడిచేది. మూడోసారి కూడా లేదన్నాడు. నేను నమ్మలేదు, అంబులెన్సు పిలిచాను, అది వచ్చేసరికి ఆయన ఇంకా మాట్లాడుతున్నాడు, స్ట్రెచర్ మీదకి ఎక్కిస్తున్న కుర్రాళ్ళతో "మీకు శ్రమ ఇచ్చాను బాబూ, క్షమించండి" అన్నాడు. అదే ఆయన ఆఖరి మాట. నాతో కాదు. నాకు కోపం ఇప్పటికీ పోలేదు, చచ్చిపోయినవాడి మీద కోపమేంటి అంటారు, ఉంటుంది, ప్రేమ ఉన్నచోట ఉంటుంది.

అందుకేనేమో. నస్రుల్లా గారు నడుం నొప్పికి ఇంజక్షన్లని మొదటిసారి మా క్లినిక్‌కి వచ్చినప్పుడు, సూది తీసి దూది అద్దుతూ, అలవాటు కొద్దీ, నొప్పెట్టిందా అన్నాను. ఈ ఊళ్ళో ఆ ప్రశ్నకి ఒకటే జవాబు, మీ చెయ్యి చల్లని చెయ్యి, అసలు తెలియనే లేదు. గుచ్చినచోట వాచిపోయినవాడూ అదే అంటాడు, పళ్ళు బిగబట్టి అంటాడు. ఈయన కాసేపు ఆలోచించి, "పెట్టిందండీ. బాగానే పెట్టింది" అన్నాడు. దూది నా చేతిలోంచి జారిపడింది. ఆ తర్వాత రోజూ అడిగాను, రోజూ చెప్పాడు, నిన్నటికంటే తక్కువ, నిన్నటికంటే ఎక్కువ, ఇవాళ ఎందుకో లేదు. ఆ కోర్సు అయిపోయిన రోజు ఇంటికి వెళ్ళి వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నావే అని నన్ను నేనే అడిగాను, ఏం లేదు అని నేనే జవాబు చెప్పుకున్నాను. మూడుసార్లు అడిగితే నిజం చెప్పేదాన్నేమో, అంత ఓపిక లేక దీపం ఆర్పి పడుకున్నాను.

పోయినేడంతా నా పని అదే. నాకు నేను జవాబులు చెప్పుకోవడం. ఆయన రాడు, రోడ్డు మీద కనిపిస్తే ఆగి నమస్కరిస్తాడు, ఆరోగ్యం ఎలా ఉందంటాడు, బాగున్నాను మీ దయ అంటాను, సరేనండి అని వెళ్ళిపోతాడు, మళ్ళీ నమ్మేశాడు. అప్పుడు వెనక్కి పిలవచ్చు. బాగోలేను అనచ్చు. నిమ్మపండంత మాట, నోటి దాకా వచ్చి, ఆగి, వెనక్కి పోయేది. మొన్న పండగ పలకరింపులకి అక్క ఇంటికి వెళ్ళినప్పుడు ఇక దాచలేక నా మనసులో మాట ఆవిడకి చెప్పాను, చెప్పింది ఆవిడకి కాబట్టి జలీల్ బావకి చెప్పినట్టే, బావకి చెప్పినట్టంటే ఊరికి చెప్పినట్టే, అయినా చెప్పాను. చెప్పాక కాస్త ఊపిరాడింది.

"రండి రండి, కాలువ దగ్గరికి!" అక్క గొంతు. పైరు పళ్ళెం నెత్తిన పెట్టుకుంది, గడ్డిలోంచి లేచిన మహ్‌రోఖ్ మోచేతులకి పచ్చరంగు. నా చెవి దగ్గర వంగి, "పిన్నీ, నీక్కూడా ఒకటి ముడేశా, వదులుగా వేశా, ఈజీగా ఊడుతుంది" అంది. ఛీ పో, అన్నాను. జలీల్ బావ పాచికల పలక మూసి, నస్రుల్లా గారి భుజం మీద ఒక్క చరుపు చరిచి, నా వైపు చూడకుండా చూసి, ఈల వేసుకుంటూ వాళ్ళ వెంట నడిచాడు. ఆయన ఉండిపోయాడు. నేను సమోవర్ మూత సర్దాను, అవసరం లేదు, అయినా సర్దాను. రబ్బరు బంతి ఒకటి దొర్లుకుంటూ వచ్చి జంపఖానా అంచున ఆగింది, ఎవరి పిల్లలదో, వచ్చి తీసుకుపోలేదు. కబాబుల పొగ చెట్ల మధ్య ఆగిపోయి ఉంది, గాలి పడిపోయింది, ఇప్పుడు టీ మీద చెయ్యి పెట్టక్కర్లేదు, చేతిని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.

ఆయన వచ్చాడు. బూట్లు విప్పి, ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పెట్టి, కూర్చున్నాడు. బేసిన్‌లోంచి అన్నిటికంటే పెద్ద ఆకు ఏరి, పుదీనా వేసిన పుల్లటి పానకంలో ముంచి, కింద కారకుండా అరచేతిని గిన్నెలా పట్టి నా ముందుకు చాపాడు. "తీసుకోండి, ఎష్రత్ ఖానుం." అయ్యో మీరు తినండి, అన్న మాట నాలుక చివర కూర్చుని ఉంది, పుట్టిన దగ్గర్నుంచీ అక్కడే కూర్చుని ఉంది. దాన్ని అక్కడే ఉండనిచ్చి చెయ్యి చాపాను. మొదటిసారికే తీసుకున్నాను. నా జన్మలో ఎవరి దగ్గరా ఏదీ మొదటిసారికి తీసుకోలేదు, ఆ కంగారులో ఆకును రెండు ముక్కలు చెయ్యాలని కూడా తోచక మొత్తం నోట్లో కుక్కేసుకున్నాను. సరిగ్గా అప్పుడే అడిగాడు మహానుభావుడు.

"పోయినేడు అడిగిందే, మళ్ళీ అడుగుతున్నా. నాతో ఉంటారా?"

నోరంతా ఆకు. పులుపూ తీపీ, నమలడానికి చోటు లేదు, మింగడానికి వీల్లేదు, ఊఁ అంటే దగ్గొస్తుంది, తల ఊపుదామంటే ఈ ఊళ్ళో ఆడదాని తల ఎటు ఊగిందో ఎవరు నమ్ముతారు. ఆయన చూశాడు. నేలకేసి చూశాడు. తర్వాత బూట్లకేసి చూశాడు. నాకు పోయినేడు మొత్తం ఒక్కసారిగా కళ్ళ ముందు నిలబడింది, తీరిగ్గా కట్టుకున్న ఆ లేసులతో సహా. ముందుకు వంగి ఆయన కుడికాలి బూటును లాక్కుని చాదర్ కింద పెట్టేసుకున్నాను. అలా ఎందుకు చేశానో ఇప్పుడడిగినా చెప్పలేను, ఒంటి బూటుతో మాత్రం మనిషి ఎక్కడికీ పోలేడు. అప్పుడు నింపాదిగా నమిలాను. మింగాను. దగ్గాను. కళ్ళల్లో నీళ్ళు, అవి దగ్గువి కావు.

"ఔను," అన్నాను. "ఉంటాను."

ఆయన మొహంలో సంతోషం రావాల్సిన చోట అయోమయం వచ్చింది. "అదేంటండీ? ఇప్పుడు మీరు వద్దనాలి కదా? జలీల్ నిన్న రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పాడు. మొదటిసారి వద్దంటారు, రెండోసారి మాట్లాడరు, మూడోసారి దాకా చచ్చినా లేవొద్దు అన్నాడు. రాత్రంతా నేర్చుకుని వచ్చాను."

"ఇవాళ వద్దననండీ. వద్దనడం నాకు సరిగ్గా చేత కాలేదు పోయినేడు. మీరు నమ్మేశారు."

"నమ్మకపోతే ఎలాగండీ, మీరు చెప్పారు." వేళ్ళు లెక్కపెట్టుకుని, "మరి మిగతా రెండు?" అన్నాడు.

నవ్వొచ్చింది. అక్కర్లేదు అందామనుకున్నాను. అంతలో, ఏడాది పొడవునా నేను కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూసింది ఆ రెంటి కోసమే కదా అనిపించింది. "అడగండి," అన్నాను.

రెండోసారి అడిగాడు, బళ్ళో పాఠం ఒప్పజెప్పినట్టు నిటారుగా కూర్చుని. ఔనన్నాను. దిగువన కాలువ దగ్గర్నుంచి ఆడవాళ్ళ నవ్వులు, ఎవరి పైరో నీళ్ళల్లో పోతోంది, అక్క గొంతు అందరికంటే పైన. మరి శుక్రవారం రైలో, అన్నాను. "రైళ్ళు ఆపడమే కదండీ నా ఉద్యోగం," అన్నాడు, తను జోకు వేశాడని ఆయనకే తెలియదు. అప్పుడు గొంతు మారింది, పాఠం అయిపోయింది, చీమల్ని కాదు, నన్నే చూస్తూ, చాలా మెల్లగా, నిజంగా తెలియక అడిగినట్టు మూడోసారి అడిగాడు. పెళ్ళికూతురు పూలకు వెళ్ళలేదు, పన్నీరుకి వెళ్ళలేదు, ఇక్కడే ఉంది. మూడోసారి కూడా ఔనన్నాను. అప్పుడు బూటు ఇచ్చేశాను.